కేసు ముగిసింది సరే, చేన్ల అరక ఎవరిది?



ముందు ఒక లెక్క. కాస్త ఓపికగా చదవండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉన్న రోజుల్లో ఏజెన్సీ భూముల మీద సర్కారే ఇచ్చిన లెక్క ఇది. మనం 1/70 అని పిలుచుకునే భూబదలాయింపు చట్టం కింద, ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతిలోకి పోయిందని గుర్తించిన కేసులు 72,001. ఆ కేసుల కింద ఉన్న భూమి 3,21,685 ఎకరాలు. వీటిలో పరిష్కారమైన కేసులు 70,183.

శాతం కట్టి చూడండి. 97 దాటుతుంది. మనం చదివిన ఆశ్రమ పాఠశాలల్లో ఎవరికైనా అన్ని మార్కులు వస్తే ఊరంతా స్వీట్లు పంచేవాళ్ళు. ఏ రివ్యూ మీటింగ్‌లో ఈ అంకె చదివినా పై అధికారి తల ఊపి తర్వాతి అంశానికి పోతాడు.

ఇప్పుడు ఆ లెక్కలోనే కింది వరుస చదవండి. పరిష్కారమైన వాటిలో 33,319 కేసులు ఆదివాసీలకు వ్యతిరేకంగా తేలాయి. నూటికి 47 పైనే. భూమి లెక్కన 1,62,989 ఎకరాలు. గుర్తించిన మొత్తం భూమిలో సగం కంటే ఎక్కువ.

అంటే పోయిన చెలక తిరిగొచ్చినా పరిష్కారమే. ఇక ఎన్నటికీ రాదని తేలినా పరిష్కారమే. రెంటికీ ఒకటే గడి, ఒకటే టిక్కు మార్కు. ఫైలు మూసిన ఆఫీసుకు రెంటిలోనూ తేడా లేదు. తేడా ఉన్నది కుటుంబానికే, కానీ ఆ గడి గీసింది ఆ కుటుంబం కాదు కదా.

కోర్టులను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. తీర్పు మీద అప్పీలుకు పోవచ్చు, రివిజన్‌కు పోవచ్చు, రిట్ వేయవచ్చు, దానికి దారులు ఉన్నాయి. తప్పుడు లెక్క మీద మాత్రం అప్పీలు ఉండదు. ఒకసారి "97 శాతం" అని అచ్చయిందంటే సమస్య తీరిపోయినట్టే అందరూ మాట్లాడతారు. మిగిలింది మూడు శాతమే కదా, ఇంకా ఎందుకు మీ లొల్లి అంటారు.

చట్టం బలహీనంగా ఉందా అంటే అదీ లేదు. 1959 రెగ్యులేషన్ తెలంగాణ ప్రాంతానికి 1963లో వచ్చింది. 1970 సవరణ దాన్ని ఇంకా గట్టి చేసింది. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది ఆదివాసీ దగ్గర నుంచి వచ్చిందనే చట్టం మొదలుపెడుతుంది. కాదని రుజువు చేసుకునే బరువు అతని మీదే ఉంటుంది. ఈ సవరణ చెల్లుతుందని 1988లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంత గట్టి చట్టం ఉండి సగం భూమి ఎట్ల పోయింది? చట్టం రాకముందే కొన్నామని ఒక కాగితం చూపిస్తారు. ఆ కాగితం నిజంగా ఆనాటిదా, తర్వాత కూర్చుని రాసిందా అని నిలదీసే మనిషి ఆ రోజు ఎస్‌డీసీ కోర్టులో ఉండాలి. రైతుకు నోటీసు అందాలి. అందినా అది చదివి చెప్పేవాళ్ళు ఉండాలి. కూలి వదులుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని వాయిదాకు రావాలి. "పరిష్కారమైన కేసులు" అనే గడిలో వీటిలో ఒక్కదానికీ చోటు లేదు.

నేను ఉండేది పాతబస్తీలో, శాలిబండ వైపు ఒక గదిలో. హైకోర్టుకు నడిచి పోవచ్చు. మూసీ ఒడ్డున 1920లో మొదలైన ఆ భవనానికి మన జిల్లాల నుంచి వచ్చే పెద్దమనుషులు చాలామందే. సర్కారు ఆ లెక్క ఇచ్చిన నాడు హైకోర్టులో పెండింగ్ ఉన్న ఈ రకం కేసులే సుమారు 300. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఎంజీబీఎస్‌లో దిగుతారు, మూసీ దాటి నడిచి వస్తారు. మదీనా దగ్గర చాయ్ తాగేటప్పుడు నేను వాళ్ళకు వకీలు చెప్పింది తెలుగులో, గోండిలో చెప్పాలి. అడ్మిట్ అయింది, కౌంటర్ వేశారు, స్టే ఉంది, నాలుగు వారాలకు పోస్ట్ అయింది. ఫైలు కోణంలో చూస్తే ఇవన్నీ ముందడుగులే. ఒక పెద్దాయన అంతా విని, "స్టే అంటే మనకు మంచిదా బిడ్డా, వాళ్ళకు మంచిదా?" అన్నాడు. అది ఎవరు తెచ్చుకున్నారన్న దాన్ని బట్టి ఉంటది పెద్దయ్యా అన్నాను. "ఐతే అదంతా వద్దు. మిరుగు వచ్చేనాటికి ఆ చేన్ల ఎవరి అరక ఉంటదో అది చెప్పు" అన్నాడు.

నేను డిగ్రీ చదివాను. సర్వే రిపోర్టులు, ప్రోగ్రెస్ రిపోర్టులు బోలెడు చూశాను. మృగశిర కార్తె నాటికి చేన్ల అరక ఎవరిది అన్నంత సూటి కొలత వాటిలో నాకు ఎక్కడా దొరకలేదు. దాంట్లో తేదీ ఉంది, చోటు ఉంది, మనిషి ఉన్నాడు. అబద్ధం చెప్పడం కష్టం. ఊళ్ళో ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది.

పాతబస్తీ వాళ్ళకు ఈ సంగతి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. హైదరాబాద్ మెట్రో మొదటి దశ 69 కిలోమీటర్లు అని గొప్పగా చెప్పుకుంటాం. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా రైలు మొదలైంది. ఆ లైను ప్లానులో ఫలక్‌నుమా దాకా ఉంది. ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయింది. మూసీకి ఈ పక్క, ఐదున్నర కిలోమీటర్లు, గీత కాగితం మీదే ఉండిపోయింది. 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు, దాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగిస్తామన్నారు. నగరమంతటికీ సగటు తీస్తే మెట్రో దాదాపు పూర్తయినట్టే అప్పట్లో లెక్క. శాలిబండలో నిలబడి చూసిన వాడికి మాత్రం సున్నా. మొత్తం మీద తీసిన శాతం ఎప్పుడూ చివరన మిగిలిపోయిన వాడిని దాచేస్తుంది. ఏజెన్సీ ఊళ్ళైనా, నగరం నడిబొడ్డున ఉన్న బస్తీలైనా.

పోడు పట్టాల దగ్గరికి వద్దాం. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పంపిణీ మొదలైంది. 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు. ఇది చిన్న విషయం అని నేను అనను. ఆ కాగితం చేతికొచ్చిన రోజు ఎన్ని ఇళ్ళలో ఏడ్చారో మీకూ తెలుసు. ఫారెస్టోళ్ళ ట్రాక్టర్ వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉంది. కానీ ఈ రెండు అంకెలు పైగడి మాత్రమే. దరఖాస్తులు నాలుగు లక్షలు దాటాయి, అడిగిన భూమి పన్నెండు లక్షల ఎకరాలు దాటింది. పోస్టర్ మీద ఈ కింది అంకె వేయరు. నిజాయితీగా చెప్పుకోవాలంటే ఆ దరఖాస్తుల్లో గిరిజనేతరులవి కూడా చాలా ఉన్నాయి, వాళ్ళు 75 ఏళ్ళ నివాసం చూపించాలి. కాబట్టి నాలుగు లక్షల్లో ఒకటిన్నర లక్షే వచ్చాయని గుడ్డిగా అరిస్తే మనమూ పొరపాటు లెక్కే చెప్పినట్టు. అడగాల్సింది వేరే ఉంది. కాదన్న ప్రతి ఒక్కరికీ ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా ఇచ్చారా? అప్పీలుకు చట్టం ఇచ్చిన 60 రోజులు ఎప్పటి నుంచి మొదలైనట్టు?

ఇది ఏదో సాంకేతిక విషయం అనుకోకండి. అటవీ హక్కుల చట్టం మీద కేంద్రం విడుదల చేసే నివేదికల్లో కూడా "పరిష్కరించినవి" అనే గడి ఉంటుంది. ఇచ్చిన పట్టాలూ తిరస్కరించిన దరఖాస్తులూ కలిపితే ఆ అంకె వస్తుంది. వంద దరఖాస్తులూ తోసేస్తే ఆ రాష్ట్రానికి నూరు శాతం. ఏళ్ళ తరబడి ఈ తిరస్కరణలు ప్రగతి కింద జమ అవుతూ వచ్చాయి. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, తిరస్కరణకు గురైన వాళ్ళను అడవి నుంచి ఖాళీ చేయించమని రాష్ట్రాలకు చెప్పింది. దేశం మొత్తం మీద పది లక్షలకు పైగా కుటుంబాలు వీధిన పడతాయని తేలాక గానీ ఆ గడిలో ఏముందో ఎవరూ చూడలేదు. దేశమంతా ఆందోళనలు లేచాయి, ఫిబ్రవరి 28న ఆ ఆదేశం ఆగింది. ఆగింది, అంతే. అప్పటిదాకా ప్రగతి అని రాసుకున్న అంకె ఒక్క రోజులో ఖాళీ చేయించాల్సిన వాళ్ళ జాబితా అయిపోయింది.

సామూహిక హక్కుల సంగతి ఇంకో తమాషా. ఉమ్మడి రాష్ట్రంలో ఫారెస్టు డిపార్ట్‌మెంటు పెట్టిన వనసంరక్షణ సమితుల పేరున పత్రాలిచ్చి, వాటిని ఊరి సామూహిక హక్కుల కింద చూపించారు. అడవి మీద గ్రామసభ పెత్తనం పెరిగిందని ఢిల్లీలో లెక్క పెరిగింది. తునికాకు ఎవరు కొనాలి, వెదురు ఎవరు కొట్టాలి అన్నది మాత్రం పాత పద్ధతే.

ఇవన్నీ నేటి పాలకులు కనిపెట్టిన కిటుకులు అనుకుంటే పొరపాటు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం సర్కారు కంగారు పడింది. గోండుల గోస ఏమిటో తెలుసుకొమ్మని హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్‌కు పంపింది. ఆయన మార్లవాయిలో ఇల్లు కట్టుకుని ఉన్నాడు, ఊరూరూ తిరిగాడు, నివేదికలు రాశాడు. ఆ దశకంలోనే ఆదివాసీలకు వేల ఎకరాల లావుణి పట్టాలు వచ్చాయి. ఆ లెక్కను అక్కడే ఆపేస్తే అది పెద్ద విజయగాథ. కానీ హైమెన్‌డార్ఫ్ 1970లలో మళ్ళీ వచ్చాడు. అవే ఊళ్ళకు వెళ్ళాడు, అవే కుటుంబాలను వెతికాడు. పట్టా ఉన్న భూములు కూడా వలసొచ్చిన వాళ్ళ చేతుల్లోకి ఎట్ల జారిపోయాయో చూసి, 1982లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. ఆయన నిజాం సర్కారు మనిషే, ఆయన రాసిన ప్రతిదానితో నాకు ఏకీభావం లేదు. కానీ ముప్పై ఏళ్ళ తర్వాత అదే చెలక దగ్గరికి తిరిగొచ్చి "ఇప్పుడు దున్నుతున్నది ఎవరు" అని అడిగాడు చూడండి, ఆ పని ఇవాళ ఏ డిపార్ట్‌మెంట్ చేస్తోంది?

భీం కథలోనూ తగవు కొలత దగ్గరే వచ్చింది. పన్నెండు ఊళ్ళ భూములకు పట్టాలిస్తాం, పోరాటం ఆపమని సర్కారు రాయబారం పంపిందని, పట్టాలు చాలవు, ఆ ఊళ్ళ మీద మా రాజ్యం కావాలని భీం అన్నాడని మన పెద్దలు చెప్తారు. సర్కారు ఎకరాలు లెక్కపెట్టింది. భీం నిర్ణయాలు లెక్కపెట్టాడు, మా ఊళ్ళో మాట చెల్లేది ఎవరిది అని.

చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లో ఒక మాట అన్నాడు. దాన్ని మన భాషలో చెప్పుకుంటే, ఏ అంకె మీద ఒత్తిడి పెడతారో ఆ అంకె నమ్మకం కోల్పోతుంది. గ్రామసభలు ఎన్ని పెట్టారని అడిగితే సంతకాల రిజిస్టర్ నిండుతుంది. స్వాధీనం ఎన్ని ఎకరాలు చేశారని అడిగితే ఆర్‌ఐ చెట్టు కింద కూర్చుని పంచనామా రాస్తాడు, ఇద్దరు సాక్షులు వేలిముద్ర వేస్తారు, భూమి అప్పగించినట్టు ఫైలుకు ఎక్కుతుంది. ఆ సాయంత్రం అదే చేన్ల పాత ఆసామి ట్రాక్టరే తిరుగుతుంది.

పహాణీలో ఒక కాలమ్ ఉండేది గుర్తుందా? అనుభవదారు. పట్టాదారు పేరు ఒకటి, అనుభవదారు పేరు ఒకటి. ఆ కాలమ్‌ను కూడా పట్వారీలు ఇష్టమొచ్చినట్టు నింపిన రోజులున్నాయి, దాన్ని పట్టుకుని మన భూములు మింగినవాళ్ళూ ఉన్నారు. అయినా కాగితం మీద ఒకరు, చేన్ల ఇంకొకరు ఉన్నారని పట్టిచ్చే గడి అదొక్కటే. 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చాక ఆ గడి పోయింది. కొలిచే గడినే తీసేస్తే సమస్య కనపడదు, కనపడకపోతే లేనట్టే. 2025లో భూభారతి చట్టం వచ్చింది. ఆ కాలమ్ మీ ఊరి పహాణీలో మళ్ళీ కనిపిస్తోందా లేదా, మీరే నకలు తీసి చూడండి.

ఇక మన సంఘాల మాట. ఎన్ని వినతిపత్రాలు ఇచ్చాం, ధర్నాకు ఎన్ని జీపులు వచ్చాయి, లైవ్ ఎంతమంది చూశారు. ప్రతి ఏడాది జనరల్ బాడీలో చదివే రిపోర్టు ఇట్లనే ఉంటుంది. వీటికి విలువ లేదనను. మంది లేకపోతే కలెక్టర్ తలుపు తెరవడు. కానీ తలుపు తెరిచిన తర్వాత ఏమైందో రాసే పేజీ ఆ రిపోర్టులో ఎక్కడ?

కొందరు సీనియర్లు అంటారు: "తమ్ముడూ, నువ్వు చెప్పే కొలత పెట్టుకుంటే ఏడాది చివర మన లెక్క రెండెకరాలో మూడెకరాలో అవుతుంది. పిల్లలు నీరుగారిపోతారు. ఉద్యమానికి ఊపు కావాలి." ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. భూమి కేసు పదేళ్ళు, ఇరవై ఏళ్ళు నడుస్తుంది. ములుగు జిల్లా మంగపేట మండలంలోని 23 గ్రామాలు ఐదో షెడ్యూల్‌లో ఉన్నాయా లేవా అన్న తగవు దశాబ్దాలు సాగి, 2023 జులైలో గానీ తెలంగాణ హైకోర్టు ఉన్నాయని తేల్చలేదు. చివరి ఫలితం ఒక్కటే లెక్క అంటే, ఈ మధ్యలో పుట్టి పెరిగి ముసలైన వాళ్ళకు ఏం చూపిస్తాం?

కాబట్టి మధ్యలో చిన్న కొలతలు ఉండాల్సిందే. అవి చేను వైపు పోయేవి అయితే చాలు. కేసు ఉన్న కుటుంబం దగ్గర ఆర్డర్ నకలు ఇంట్లో ఉందా, వకీలు బీరువాలో ఉందా? దాంట్లో ఏముందో ఇంట్లో ఆడవాళ్ళతో సహా చెప్పగలరా? పోడు తిరస్కరణ నోటీసు చేతికి వచ్చిందా, వచ్చిన 60 రోజుల్లో అప్పీలు పడిందా? వాయిదా రోజు మన తరఫున ఎవరైనా కోర్టులో నిలబడ్డారా? ఒక కాలేజీ పిల్ల, ఒక స్మార్ట్‌ఫోన్, ఒక నోట్‌బుక్ ఉంటే ఈ లెక్క ఊరికి రెండు రోజుల పని. ఒక ఏడాదిలో పది ఇళ్ళలో ఆర్డర్ నకలు చేరితే నాకు అది పది జీపుల కంటే ఎక్కువ ఊపు. మీకు వేరే అనిపిస్తే కామెంట్లలో కొట్లాడండి, నేనుంటా.

అరక కొలతకు కూడా చీడ పడుతుందని మర్చిపోవద్దు. మన పేరు మీద దున్నించి పంట తోలుకుపోయే బినామీలు ఏజెన్సీలో కొత్త కాదు. సొంత చేన్ల కూలికి పోతున్న మనోళ్ళు మీకు తెలిసే ఉంటారు. అందుకని ఒక్క వానాకాలం చూసి సంబరపడొద్దు. పత్తి అమ్మినప్పుడు పైసలు ఎవరి ఖాతాలో పడ్డాయి, విత్తనం అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, మరుసటి ఏడు కూడా అదే అరక ఉందా అన్నది వరుసగా మూడేళ్ళు రాయాలి. ఏమేం రాయాలన్నది గ్రామసభలోనే తేలాలి. నేను శాలిబండలో కూర్చుని గీసిన ఫారం మీ ఊరికి సరిపోకపోవచ్చు. కొలాంగూడలో భూమి కంటే ముందు నీళ్ళు అంటారేమో, చెంచుపెంటలో తేనె చెట్ల దాకా దారి అంటారేమో. అది వాళ్ళ గడి, వాళ్ళనే గీయనివ్వండి.

ఈసారి జోడేఘాట్‌లో భీం వర్ధంతి ఆశ్వయుజ పౌర్ణమికి కలుస్తాం కదా. వచ్చేవాళ్ళు మీ ఊరి నుంచి ఒక కాగితం తీసుకురండి. 1/70 కింద మన పక్షాన ఆర్డర్ వచ్చిన సర్వే నంబర్లు ఎడమ పక్క, ఈ మిరుగుకు వాటిలో అరక తోలిన మనిషి పేరు కుడి పక్క రాయండి. పేర్లు బయట పెట్టం, పేజీలో వేయం, ఆ భయం వద్దు. కుడి పక్క ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, ఖాళీగానే తీసుకురండి.